దత్తత వెళ్లినవాడు కన్నతల్లి తమ్ముడి కూతుర్ని చేసుకోవచ్చా?

దత్తు_90 · శనివారం రాత్రి 9:42
అందరికీ నమస్కారం. నన్ను మా మేనత్త, మామయ్య దత్తత తీసుకున్నారు. 1996లో, నాకప్పుడు ఆరేళ్లు. రిజిస్టరు చేసిన దత్తత పత్రం ఉంది. ఇప్పుడు నన్ను కన్న అమ్మకి తమ్ముడైన ఆయన కూతురూ నేనూ పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. కన్నవాళ్ల వైపు నుంచి చూస్తే మేనమామ కూతురు, నిఖార్సైన మరదలు. పెంచిన అమ్మ మాత్రం ససేమిరా అంటోంది. ఆవిడ లెక్క ఇదీ: "నువ్వు నా కొడుకువయ్యాక మా అన్నయ్య నీకు మేనమామ, మా వదిన నీకు అత్త. అత్త తమ్ముడంటే బాబాయి వరస. బాబాయి కూతురు చెల్లెలవుతుందా, పెళ్లామవుతుందా?" పాత క్యాలెండరు వెనక గీతలు గీసి మరీ చూశాను. ఆవిడ లెక్కలో తప్పు దొరకలేదు.

నా ప్రశ్నలు మూడు. చట్టప్రకారం చెల్లుతుందా? పీటల మీద ఏ గోత్రం చెప్పాలి? రిజిస్ట్రేషనప్పుడు దత్తత పత్రం బయట పెట్టాలా?

సెరిస్తాదారు_విశ్రాంతి · శనివారం రాత్రి 10:15
కోర్టులో ముప్పై రెండేళ్లు చేశాను. ఇలాంటి కేసు కట్టలు ఎన్ని కుట్టానో లెక్క లేదు, కాబట్టి కాస్త నిదానంగా చదువు. 1956 దత్తత చట్టం 12వ సెక్షను. దత్తత రోజు నుంచి నువ్వు పెంచినవాళ్ల బిడ్డవి, కన్నింటితో బంధం తెగిపోయినట్టే. కానీ ఒక మెలిక పెట్టారు. కన్నింట్లోనే ఉండిపోయి ఉంటే ఎవర్ని చేసుకోకూడదో, దత్తత వెళ్లాక కూడా వాళ్లని చేసుకోకూడదు. అటు 1955 వివాహ చట్టమేమో దత్తత బంధుత్వాన్ని రక్తసంబంధంతో సమానం చేసింది. అంటే నీకు రెండు వైపులా తనిఖీ.

కన్న వైపు చూస్తే మేనమామ కూతురు నిషిద్ధ బంధుత్వమే, సపిండం (దగ్గరి తరాల్లోనే ఇద్దరికీ ఒకే మూలపురుషుడు ఉండటం) కూడా. కాకపోతే ఇద్దరి ఆచారమూ ఒప్పుకుంటే పెళ్లి చెల్లుతుంది. పెంపుడు వైపు అత్త తమ్ముడి కూతురు అనే బంధుత్వమే చట్టంలో లేదు. మీ అమ్మగారి వరస పెళ్లిపందిట్లో చెల్లుతుంది గానీ కోర్టులో చెల్లదు.

ముక్కుసూటి · శనివారం రాత్రి 10:31
ఆగండాగండి. మేనరికం నిషిద్ధమా? మా ఇంట్లో మూడు తరాలుగా అవే పెళ్లిళ్లు. రిటైరైతే ఏది పడితే అది రాసేయొచ్చా?

సెరిస్తాదారు_విశ్రాంతి · శనివారం రాత్రి 10:40
కళ్లజోడు పెట్టుకుని చదవండి సార్. వివాహ చట్టం 3వ సెక్షను (జి)లో అన్నాచెల్లెళ్ల పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు, మామ-మేనకోడలు, అందర్నీ ఒకే గాటన కట్టారు. పెదనాన్న కూతురు, మేనమామ కూతురు అన్న తేడా మనకుంది, చట్టానికి లేదు. మేనరికాన్ని కాపాడేది 5వ సెక్షనులో "ఆచారం అనుమతిస్తే తప్ప" అన్న ముక్క ఒక్కటే. ఆ ముక్క లేకపోతే మీ మూడు తరాలూ గోవిందా.

గడపదాటిన_గౌరి · శనివారం రాత్రి 11:20
ఆ ముక్క ఖరీదెంతో నన్నడగండి. మా ఆయన మా అమ్మకి సొంత తమ్ముడు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిరణాలకి తీసుకెళ్లిన మామయ్య. తొమ్మిదేళ్ల కాపురం, ఇద్దరు పిల్లలు. ఇల్లు విడిచి వచ్చేశాక భరణానికి వేస్తే ఆయన కోర్టుకిచ్చిన జవాబులో ఏం రాయించాడో తెలుసా? "ఈమె నా అక్క కూతురు. నిషిద్ధ బంధుత్వం. ఈ పెళ్లి మొదట్నుంచీ చెల్లదు, కాబట్టి ఈమె నా భార్యే కాదు." పీటల మీద కూర్చున్నప్పుడు అక్క కూతురినని తెలియదా?

మాలో ఆ ఆచారం ఉందని నేనే నిరూపించుకోవాల్సి వచ్చింది. మా అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున మూడు శుభలేఖలు దొరికాయి. 1961ది, 1974ది, 1988ది. పసుపు రాసిన మూలలు చెదలు కొట్టేశాయి, పేర్లు మాత్రం నిలిచాయి. శుభలేఖలో "పెళ్లికూతురి మేనమామే పెళ్లికొడుకు" అని ఎవరూ వేయించరు కదా. అందుకని ఒక్కో పేరూ తాతల దాకా లాగి వంశవృక్షం గీశాం. ఎనభై రెండేళ్ల మా పెద్దమ్మ బోనెక్కింది. "మీలో అక్క కూతుర్ని చేసుకుంటారా అమ్మా?" అని వకీలు అడిగితే, "చేసుకోకపోతే తమ్ముడుండి ఏం లాభం బాబూ?" అంది. జడ్జిగారు కూడా నవ్వారు. మధ్యంతర భరణం వచ్చింది, కేసు ఇంకా నడుస్తోంది.

దత్తు గారూ, మిగతా ప్రశ్నలు తర్వాత. శుభలేఖలు ముందు దొరకబుచ్చుకోండి.

చెవిమిషను_అమ్మ · ఆదివారం ఉదయం 6:05
గౌరి గారూ, మీ పెద్దమ్మ మాటకి నాకు నవ్వు రాలేదు. మాదీ అక్క కూతురి సంబంధమే. మా బాబుకి రెండు చెవులకీ మిషన్లు. పుట్టిన ఆస్పత్రిలో వినికిడి పరీక్ష చేయలేదు, చేయాలని మాకూ తెలియదు. రెండేళ్లు దాటాక గానీ బయటపడలేదు. కుక్కరు కూత పెడితే ఇంట్లో అందరం ఉలిక్కిపడేవాళ్లం, వాడు మాత్రం తన లారీ బొమ్మ తోసుకుంటూ పోయేవాడు. "ఎంత నిమ్మళమైన పిల్లాడో" అని మురిసిపోయేవాళ్లం.

మేనబావ మేనమరదళ్ల మధ్య జన్యువులు ఎనిమిదో వంతు ఒకటే అవుతాయి. మేనమామ మేనకోడళ్లయితే నాలుగో వంతు. తరతరాలుగా అవే ఇళ్ల మధ్య పెళ్లిళ్లయితే ఇంకా ఎక్కువ. ఆచారం నిరూపించుకోవడం ఎలాగో చెప్పుకుంటున్నారు సరే, ఆచారం మంచిదేనా అని ఒక్కరూ అడగరే?

ముక్కుసూటి · ఆదివారం ఉదయం 7:50
వచ్చిందండీ ఉపన్యాసం. మా నాయనమ్మది మేనరికం, మా అమ్మది మేనరికం, నాదీ మేనరికమే. తొమ్మిది మంది పిల్లలం, అందరం ఉక్కుముక్కల్లా ఉన్నాం. బయటి సంబంధాలు చేసుకున్నవాళ్లకి అవిటిపిల్లలు పుట్టడం లేదా?

చెవిమిషను_అమ్మ · ఆదివారం ఉదయం 8:02
పుడతారు. వంద మందిలో ఇద్దరు ముగ్గురికి ఎలాగూ ఏదో ఒక పుట్టులోపం ఉంటుంది. మేనరికాల్లో అది సుమారు రెట్టింపు. అంటే మీలాంటి తొమ్మిది మంది ఇళ్లు బోలెడుంటాయి, మాలాంటి ఇల్లు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది. మీ ఇంట్లో రాలేదు గనక ఎక్కడా రాదంటే ఎలా? పైగా "అవిటిపిల్లలు" అన్నారు. నా కొడుకు మూడో తరగతి. ఎక్కాలు మీకన్నా గడగడా చెబుతాడు.

ముక్కుసూటి · ఆదివారం ఉదయం 8:10
నేను మీ అబ్బాయిని అనలేదు. ప్రతి చర్చలోనూ డాక్టరు వేషం వేసుకొస్తే చిరాకేస్తుంది.

నిర్వాహకుడు · ఆదివారం ఉదయం 8:25
ఈ మధ్యలో రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఒకరి పిల్లల జోలికి వెళ్తే ఖాతా ఆపేస్తాను.

పంచాంగం_చేతబట్టి · ఆదివారం ఉదయం 9:30
గోత్రం సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి చెబుతాను. దత్తుడు పెంచిన తండ్రి గోత్రమే చెప్పాలి. వధువును ఎంచేటప్పుడు మాత్రం కన్నగోత్రం, పెంపుడుగోత్రం రెండూ వదలాలి. నీకు కాబోయే అమ్మాయిది నీ మేనమామ గోత్రం, అంటే నిన్ను కన్న అమ్మగారి పుట్టింటిది. అది ఈ రెంటిలో ఏదీ కాకపోతే చిక్కు లేదు.

ఇక మేనరికం ఈనాటి మాట కాదు. మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవడం దక్షిణాది వాళ్ల అయిదు ప్రత్యేక ఆచారాల్లో ఉందని బౌధాయన ధర్మసూత్రంలో స్పష్టంగా ఉంది.

చెవిమిషను_అమ్మ · ఆదివారం ఉదయం 9:41
అక్క కూతురి మాట ఆ అయిదిట్లో ఉందా పంతులుగారూ?

పంచాంగం_చేతబట్టి · ఆదివారం ఉదయం 9:48
లేదమ్మా. అది లేదు.

కోడు_రాసేవాడు · ఆదివారం ఉదయం 10:12
ఆ అయిదిట్లో చద్దన్నం తినడం, పెళ్లాంతో కలిసి భోంచేయడం కూడా ఉన్నాయని చదివాను. నేను ఆ రెండూ రోజూ చేస్తున్నా. మేనరికం ఒక్కటే బాకీ 😀

దత్తు, ఎందుకొచ్చిన గొడవ? స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద చేసుకో. కులం అడగరు, గోత్రం అడగరు, ఆచారం అడగరు. నేనలాగే చేసుకున్నా. ముప్పై రోజులు నోటీసు బోర్డు మీద మన పేర్లుంటాయి, అంతే.

సెరిస్తాదారు_విశ్రాంతి · ఆదివారం ఉదయం 10:30
ఇదిగో, ఇలాంటి సలహాల వల్లే జనం కోర్టుల చుట్టూ తిరిగేది. నువ్వన్న ఆ 1954 చట్టం మొదటి షెడ్యూలు తెరిచి చూశావా? మగవాడు చేసుకోకూడని వాళ్లు 37 మంది, ఆడది చేసుకోకూడని వాళ్లు 37 మంది. మగవాడి పట్టికలో 37వది ఎవరో తెలుసా? మేనమామ కూతురు! ఇద్దరిలో ఒకరి ఆచారం ఒప్పుకున్నా చాలని 1963లో సవరించిన మాట నిజమే. కానీ ఆ చట్టం కింద ఆచారమంటే రాష్ట్ర ప్రభుత్వం గెజిట్లో ప్రకటించినది మాత్రమే. మీ పెద్దమ్మ బోనెక్కి చెబితే సరిపోదు. నీ భార్య బయటమ్మాయి కాబట్టి నీకు సాఫీగా అయిపోయింది. ఇతన్ని అందులోకి తోయకు.

కోడు_రాసేవాడు · ఆదివారం ఉదయం 10:44
సరే మాస్టారూ, నా సలహా వాపసు. ఆ "మీ పెద్దమ్మ" ఎందుకు మధ్యలో?

సెరిస్తాదారు_విశ్రాంతి · ఆదివారం ఉదయం 10:46
గౌరిగారి పెద్దమ్మని అన్నాను నాయనా.

ఓరుగల్లోడు · ఆదివారం మధ్యాహ్నం 1:15
నాదొక ముచ్చట. మా అన్న 2021ల కరోనాతోని పోయిండు. వదినకు చిన్న పాప. ఏడాది తిరగకముందే ఇంట్ల షురూ జేసిన్రు, "నువ్వే చేస్కోరాదు, పాప బయటికి పోదు, భూమి బయటికి పోదు" అని. వదినంటే నాకు అమ్మ లెక్క. అన్న డ్యూటీకి పోతె నాకు అన్నం పెట్టింది ఆమె. నేను చేస్కోనంటె "బాధ్యత లేనోడు" అని పేరు పెట్టిన్రు. ఆమెనైతె ఒక్కరన్న అడిగిన్రా? అడగలె. చట్టం ఏమంటదో చెప్పున్రి, మా బాపు ముందల పెడ్త.

సెరిస్తాదారు_విశ్రాంతి · ఆదివారం మధ్యాహ్నం 1:40
చట్టం నీ పక్షానే ఉంది బాబూ. అన్నదమ్ముడి భార్య నిషిద్ధ బంధుత్వం. అన్న పోయినా అంతే, "భార్యగా ఉండినా" అని రాశారు. మీలో ఆ ఆచారం ఉంటే తప్ప చెల్లదు. ఆచారం ఉన్నా సరే, ఇష్టం లేనివాణ్ని బలవంతాన కూర్చోబెట్టే హక్కు ఎవరికీ లేదు. తమాషా ఏమిటంటే, భార్య పోతే ఆమె చెల్లెల్ని చేసుకోవడానికి చట్టంలో అడ్డే లేదు. అన్న పెళ్లాం కూడదు, పెళ్లాం చెల్లెలు ఫరవాలేదు. మనవాళ్లు వదినని తల్లనీ మరదల్ని మరదలనీ ఎందుకంటారో అందులోనే ఉంది.

గడపదాటిన_గౌరి · ఆదివారం మధ్యాహ్నం 2:05
ఓరుగల్లు తమ్ముడూ, పొలంలో మీ వదినకీ పాపకీ మీ అన్న వాటా ఎలాగూ వస్తుంది. నిన్ను చేసుకోకపోతే అది పోదు. మీ బాపుకి ముందు ఆ ముక్క చెప్పు. పెళ్లి మాట దానంతటదే చల్లారుతుంది.

ఓరుగల్లోడు · ఆదివారం మధ్యాహ్నం 2:20
గట్లనా అక్కా. గిది నాకు తెల్వదు. గిదే చెప్త.

నవాబు_నెల్లూరు · ఆదివారం సాయంత్రం 4:10
మాలో ఈ తలనొప్పి వేరే రకం. బాబాయి కూతురైనా పిన్ని కూతురైనా చేసుకోవచ్చు, మేనకోడల్ని మాత్రం చచ్చినా చేసుకోం. దత్తతతో బంధుత్వం రాదు, పాలతో వస్తుంది. ఒకే తల్లి పాలు తాగిన పిల్లలు అన్నాచెల్లెళ్లే, వాళ్లకి పెళ్లి హరాం. మా అక్క కూతురికి ఒక సంబంధం దాదాపు కుదిరిపోయాక, పెళ్లికొడుకు వాళ్ల నాయనమ్మ గుర్తు చేసింది. పసితనంలో ఆ పిల్లకి పెళ్లికొడుకు తల్లి పాలు పట్టిందని. కాగితం లేదు, సాక్షి లేదు, ముసలావిడ జ్ఞాపకం ఒక్కటే. సంబంధం అక్కడితో ఆగిపోయింది.

సీమ_సుబ్బక్క · ఆదివారం సాయంత్రం 6:30
దత్తత దత్తత అంటాండారు గానీ, మా పక్క ఇల్లటం అని ఉండాది. మగపిల్లోల్లు లేనోల్లు అల్లున్నే కొడుకు మాదిరి ఇంట్లోకి తెచ్చుకుంటారు. మా నాయన అట్లే వచ్చినాడు. "దత్తత తీసుకుంటే కొడుకు కదా, మల్లా కూతురు చెల్లెలు కాదా?" అని పట్నంలో ఒగామె నన్నడిగింది. అట్ల కాదమ్మా, దత్తత వేరు, ఇల్లటం వేరు. ఇల్లటపు అల్లునికి మామ ఆస్తీ వస్తాది, పుట్టినింటి వాటా కూడా పోదు. దత్తత పోయినోనికి పుట్టినిల్లు ఉండదు. మా నాయనకి రెండిల్లూ ఉన్నాయి, రెండు దిక్కులా తగాదాలూ ఉన్నాయి.

సెరిస్తాదారు_విశ్రాంతి · ఆదివారం రాత్రి 7:15
బాగా చెప్పారు. రెడ్లలో, కమ్మవారిలో ఇల్లటం ఆచారాన్ని పాత మద్రాసు హైకోర్టు ఎన్నో తీర్పుల్లో ఒప్పుకుంది. కన్నకూతుర్నీ దత్తపుత్రుణ్నీ కలిపి పెళ్లి చేయాలనుకుంటే మాత్రం కుదరదు. వాళ్లు చట్టం దృష్టిలో అన్నాచెల్లెళ్లు. పత్రం లేకుండా, దత్తహోమమో ఇచ్చిపుచ్చుకోవడమో లేకుండా ఊరికే పెంచుకున్న పిల్లాడైతే ఆ అడ్డు లేదు.

ముక్కుసూటి · ఆదివారం రాత్రి 7:40
మొత్తానికి ఆచారం ఉంటే ఏదైనా చెల్లుతుందన్నమాట. నేను చెప్పిందీ అదే.

సెరిస్తాదారు_విశ్రాంతి · ఆదివారం రాత్రి 7:58
ఏదైనా కాదు. ఆచారం చాలాకాలంగా ఆగకుండా, ఒకే తీరుగా నడిచి ఉండాలి. అడ్డగోలుగా ఉండకూడదు. కూతురి కూతుర్ని చేసుకోవడం తమ ఆచారమని ఒక కుటుంబం 1950ల్లో మద్రాసు హైకోర్టుకెక్కితే, అలాంటిది ఆచారమైనా ఒప్పుకోం పొమ్మంది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టులో ఒకావిడ అసలు సపిండ నిషేధమే రాజ్యాంగ విరుద్ధమని వాదించింది. కొట్టేశారు. ఆవిడ కష్టం కూడా గౌరిగారిదే. భర్తే పెళ్లి చెల్లదన్నాడు, ఆవిడ ఆచారం చూపించలేకపోయింది.

గౌరిగారూ, మీకొక ముక్క. పెళ్లి చెల్లదని తేలినా శాశ్వత భరణం అడగొచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల హక్కుకి ఢోకా లేదు, వివాహ చట్టం 16వ సెక్షను ప్రకారం వాళ్లు సక్రమ సంతానమే. తండ్రి వాటాలో వాళ్లకి భాగం ఉందని 2023లో తేల్చారు. మీ వకీలుకి చెప్పండి.

గడపదాటిన_గౌరి · ఆదివారం రాత్రి 8:10
రాసిపెట్టుకున్నానండీ. మా వకీలు ఇది చెప్పలేదు. రేపే అడుగుతా.

కోడు_రాసేవాడు · ఆదివారం రాత్రి 8:30
సపిండం ఏడు తరాలు కదా? మా తాత అనేవాడు.

పంచాంగం_చేతబట్టి · ఆదివారం రాత్రి 8:41
శాస్త్రంలో తండ్రి వైపు ఏడు, తల్లి వైపు అయిదు.

సెరిస్తాదారు_విశ్రాంతి · ఆదివారం రాత్రి 8:50
చట్టంలో తండ్రి వైపు అయిదు, తల్లి వైపు మూడు. తనని ఒకటిగా లెక్కపెట్టుకోవాలి, అక్కడే అందరూ తప్పుతారు. దత్తుకి తాను ఒకటి, అమ్మ రెండు, తాత మూడు. అమ్మాయికి తాను ఒకటి, తండ్రి రెండు, అదే తాత మూడు. ఇద్దరూ లోపలే. అదే అమ్మమ్మ అన్న మనవరాలైతే దత్తు వైపు నుంచి మూలపురుషుడు నాలుగో మెట్టు మీద ఉంటాడు. అప్పుడు ఆచారం గొడవే లేదు, నేరుగా చేసుకోవచ్చు. నియమం తప్పితే శిక్ష కూడా ఉంది, నెల దాకా సాధారణ జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ముక్కుసూటి · ఆదివారం రాత్రి 9:02
వెయ్యి రూపాయలా? బ్యాండు మేళానికి అంతకు ఇరవై రెట్లవుతుంది.

దత్తు_90 · సోమవారం రాత్రి 10:05
అందరికీ థ్యాంక్స్. నా మూడో ప్రశ్న ఎవరూ చూడలేదు గానీ ఈరోజు నేనే ఆఫీసుకి వెళ్లొచ్చా. అక్కడి గుమాస్తా నా దత్తత పత్రం చూసి, వేళ్ల మీద ఏదో లెక్కేసి, "రెండిళ్ల తండ్రులూ ఉన్నారు, నాకెందుకొచ్చిన తంటా, లాయరుని తెచ్చుకో" అని తిప్పి పంపాడు. చూపించకుండా ఉంటే పని అయిపోయేదేమో.

సెరిస్తాదారు_విశ్రాంతి · సోమవారం రాత్రి 10:20
చూపించడమే మంచిది. దాచి చేసిన రిజిస్ట్రేషను రేపు ఆస్తి తగాదాలో నీకే ఎదురు తిరుగుతుంది. నీ గుర్తింపు కాగితాల్లో తండ్రి పేరు ఎవరిదో, శుభలేఖలో ఎవరిదో, రెండూ ఒకటే ఉండేలా చూసుకో.

దత్తు_90 · సోమవారం రాత్రి 10:33
అక్కడే వచ్చింది అసలు పేచీ. మా కన్నమ్మ పుట్టింట్లో 1979 శుభలేఖ ఒకటి దొరికింది, మేనమామ కూతుర్ని చేసుకున్నదే. అది తెచ్చి పెంచిన అమ్మకి చూపించా. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది వాళ్లింటి ఆచారం, మనింటిది కాదు" అంది. కాసేపాగి, "ఇంతకీ నీ శుభలేఖలో తల్లి అని ఎవరి పేరు వేయిస్తావు?" అని అడిగింది. నీ పేరే అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. లేచి వెళ్లి బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది.

చెవిమిషను_అమ్మ · సోమవారం రాత్రి 10:50
ఆవిడ ఒప్పుకున్నట్టే బాబూ. పెళ్లికి ముందు ఇద్దరూ ఒకసారి జన్యు సలహా కేంద్రానికి వెళ్లిరండి. ఇది ఉపన్యాసం కాదు.

దత్తు_90 · సోమవారం రాత్రి 10:52
తప్పకుండా అక్కా. తను కూడా అదే అంది.

కొత్తగా_చేరా · మంగళవారం ఉదయం 7:15
నమస్తే. మా బాబాయి రెండో పెళ్లి చేసుకున్నారు. పిన్నికి మొదటి భర్త వల్ల ఒక కూతురుంది. ఆ అమ్మాయిని నేను చేసుకోవచ్చా? రక్తసంబంధం లేదు, బాబాయి దత్తత కూడా తీసుకోలేదు. మా నాయనమ్మ మాత్రం చెప్పు తీసుకుంటానంటోంది.

సెరిస్తాదారు_విశ్రాంతి · మంగళవారం ఉదయం 7:40
చట్టంలో అడ్డు లేదు. నాయనమ్మ సంగతి నా పరిధిలో లేదు. దీనికి వేరే చర్చ తెరువు నాయనా, ఇక్కడ కలిపేయకు.

కొత్తగా_చేరా · మంగళవారం ఉదయం 7:44
వేరే చర్చ ఎలా తెరవాలండీ?